ఇప్పనూనె సాక్ష్యం

నాకు జబ్బు తగ్గిపోలేదు.

ఈ మాటను అన్నిటికంటే ముందు రాయవలసి రావడానికి ఒక కారణం ఉంది. పోయిన నవంబరులో, చెన్నూరులోని మా చర్చిలో, కోత పండుగ నాడు, మా అవ్వ (కన్నతల్లిని మేం అట్లానే పిలుస్తాం) నిండు సంఘం ముందు నిలబడి నా నొప్పులన్నీ పోయాయని సాక్ష్యం చెప్పింది. ఆ సమయానికి నేను కరీంనగర్‌లో మంచం అంచున కూర్చుని, రవిక చేతిలోకి చేయి దూర్చలేక, మా ఆయనను సాయం పిలుస్తున్నాను. నా ఒంటి గురించి నన్ను అడగకుండా జరిగిన ప్రకటన అది. దాన్ని నమ్మి ఒక మనిషి తన మందులు మానేసింది. ఈ వ్యాసం ఆ కోపంలోంచి వచ్చింది. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. అది చల్లారలేదు.

మొదటి ఏడు, వానాకాలం

నేను డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. ఎవరు ఏమన్నా "ఎట్లా తెలుసు?" అని అడగడం నాకు వృత్తి నేర్పిన అలవాటు. ఇంట్లో ఆ అలవాటును ఎవరూ ఇష్టపడరు.

ఆ జూన్‌లో భుజాల దగ్గర మొదలైన నొప్పి మెడకు, నడుముకు, తుంటికి పాకింది. నిద్రపోయి లేస్తే, రాత్రంతా పత్తి బస్తాలు మోసినట్టు ఉండేది. ప్రయోగశాలలో బ్యూరెట్ పట్టుకుని పిల్లలకు చూపిస్తుంటే, చుక్కలు వదిలే ఆ చిన్న మరను తిప్పడానికి వేళ్లు మొరాయించేవి. చదివిన వాక్యాన్నే మళ్లీ చదివేదాన్ని. ఎవరైనా ఆప్యాయంగా భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడేదాన్ని.

రక్తపరీక్షలు చేశారు, ఎక్స్‌రేలు తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు. ఒక డాక్టరు కాగితాలు మడుస్తూ, "మీకేం లేదు మేడం, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. మా ఆయన ప్రభాకర్ బడిపంతులు, సైన్సు చదివినవాడే. బయటికి రాగానే బండి తాళం తీస్తూ, "అన్ని నార్మలే అన్నరు గద. ఇంక ఫికర్ దేనికి? నడువు, ఇడ్లీ తిందాం" అన్నాడు. ధైర్యం చెప్పాననే అనుకున్నాడు. ఆ ఇడ్లీ నేను తినలేదు.

ద్రావణంలో వేసిన సూచిక, అంటే ఇండికేటర్, రంగు మారలేదంటే అందులో ఏమీ లేదని అర్థం కాదు. ఆ సూచిక పట్టుకోగలిగినది అందులో లేదని మాత్రమే అర్థం. మొదటి సంవత్సరం విద్యార్థి ఈ రెండింటినీ కలిపేస్తే నేను మార్కులు కోస్తాను. తెల్లకోటు వేసుకున్నవాళ్లు అదే తప్పు చేసి, ఆ తప్పును నా మనసు బలహీనతగా రాసి పంపారు. పోనీ వాళ్లు పరాయివాళ్లు అనుకుందాం. ఇంట్లో కూర మాడితే "టెన్షన్ పెట్టుకున్నవా మళ్ల?" అని అడిగే మనిషితో నెలల తరబడి ఒకే కప్పు కింద ఉండటం ఎట్లా ఉంటుందో, ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ వానాకాలమంతా ఆసుపత్రి వరండాల్లోనే గడిచింది. ఇనుప కుర్చీలకు వీపు ఆనించలేక, ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకనాడు పక్కన హుస్నాబాద్ నుంచి వచ్చిన ఒకామె, భర్త వంతు కోసం ఎదురుచూస్తూ, నన్ను చాలాసేపు గమనించింది. ఏ జబ్బని అడగలేదు. సంచిలోంచి తువ్వాల తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీకీ నా నడుముకూ మధ్య పెట్టింది.

"గీ కుర్చీలు చేసినోనికి నడుమే లేనట్టున్నది" అంది.

ఆ యేడు నా నొప్పిని రుజువు అడగకుండా ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. పేరు కూడా తెలియదు. తువ్వాల తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో చెల్లె, నీ వంతు ఇంక రాలే" అని వెళ్లిపోయింది.

మొదటి ఏడు, చలికాలం

చివరికి కీళ్లవాతాల డాక్టరు ఒకాయన నా కీళ్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి, నిద్ర గురించి అడిగి, చెప్పిందంతా విని, జబ్బుకు పేరు చెప్పాడు. ఫైబ్రోమయాల్జియా. కీళ్లలో వాపు లేదు, అరుగుదల లేదు. నొప్పి మాత్రం నిజం. "మీ చర్చిల మైకు సౌండు పెంచితె గుసగుస గూడ బజారంత వినవడతది గద మేడం? మీ నరాలు గట్లనే చేస్తున్నయి" అన్నాడు. నిద్రకు చిన్న మాత్ర రాశాడు. రోజూ కొద్దికొద్దిగా నడవమన్నాడు. పూర్తిగా తగ్గిస్తానని అనలేదు.

పేరు విని వరండాలో కూర్చుని ఏడ్చాను. ప్రభాకర్ పక్కన నిలబడ్డాడు. "నాకు ఎట్ల తెల్వాలె?" అన్నాడు. "నేను చెప్పిన గద" అన్నాను. ఆ తరువాత చాలా రోజులు మేము అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం.

సంగతి తెలిసి అవ్వ చెన్నూరు నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిలో ఇప్పనూనె సీసా. అడవి పక్క ఊళ్లలో ఇప్పపలుకులను గానుగ ఆడించి తీసే నూనె అది. అందులో వెల్లుల్లి, ఓమ వేసి కాచి తెచ్చింది. చెన్నూరులో చర్చి చుట్టూ ఉన్న మా మిషన్ కాంపౌండులో ఏ ఇంట్లో కాన్పు జరిగినా బాలింతకు ఒళ్లు రుద్ది నీళ్లు పోయడానికి అవ్వనే పిలుస్తారు. అవ్వ చేతి బలం ఆ వీధులన్నింటికీ తెలుసు. బాలింత ఎంత గట్టిగా అరిస్తే వాతం అంత బయటికి పోయినట్టని అక్కడ లెక్క. నన్నూ అదే లెక్కలో చాప మీద బోర్లా పడుకోబెట్టింది.

"నొస్తాందవ్వా!"

"నొయ్యాలె. నొయ్యకుంటె వాతం ఎట్ల పోతది? బాలింతలు నీకంటె ఎక్కువ మొత్తుకుంటరు. పురుడు కాంగనే లేచి బిందె చంకన ఎత్తుకుంటరు."

"నేను బాలింతను కాదు. నలభై ఆరేండ్లు నాకు."

"అయితేంది? బొక్కలు గవే గద!" అంది, నా వీపు ఎముకల మీద అరచేయి దించుతూ.

ఆ వారమంతా నేను మంచం దిగలేదు. తాకిన ప్రతిచోటా కమిలినట్టు మండింది. నరాలు గుసగుసను అరుపుగా వినే మనిషికి అరుపునే వినిపిస్తే ఏమవుతుందో అదే అయింది. అవ్వ మాత్రం వంటింట్లో ప్రభాకర్‌తో, "వాతం కదిలింది, గందుకే గట్ల" అంటోంది. తగ్గితే నూనె గొప్ప, పెరిగితే వాతం కదలడం. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని వాదం వాదమే కాదు. ఈ సంగతి అవ్వకు చెప్పలేను. చెప్పినా, "నీ సదువు నీది, నా చెయ్యి నాది" అంటుంది.

ఈసారి ప్రభాకర్ తన వంతు సాయం చేశాడు. బస్టాండు దగ్గర కొత్తగా వెలసిన ఒక మసాజ్ కేంద్రానికి తీసుకుపోయాడు. గోడ మీద వెన్నెముక బొమ్మ, దాని పక్కన ధన్వంతరి పటం, వాటి కింద "గ్యారంటీ" అని ఎర్రక్షరాలు. తెల్లకోటు వేసుకున్న యజమాని మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"ఒంట్ల పేరుకపోయిన టాక్సిన్లు మేడం. మా మాలీషుతోని అన్ని బయటికెళ్తయి."

"ఏ టాక్సిన్?"

"అన్ని టాక్సిన్లు మేడం."

"ఒక్కదాని పేరు చెప్పండి."

ఆయన ప్రభాకర్ వైపు చూశాడు. "మేడం డాక్టరా సార్?"

"కెమిస్ట్రీ లెక్చరర్" అన్నాడు ప్రభాకర్.

"ఔనా! మా పిల్లకు గదే సబ్జెక్టుల తక్కువొస్తున్నయి మేడం. ట్యూషన్ చెప్తరా?"

మెట్లు దిగుతూ ఇద్దరం నవ్వాం. కొన్ని నెలల తరువాత కలిసి నవ్వింది అప్పుడే. కానీ ఆ గదిలో మా వెనక వరుసలో కూర్చున్నవాళ్లు నవ్వలేదు. ఒకామె కొంగుతో మెడ పట్టుకుని, ఆ ఎర్రక్షరాలవైపే చూస్తోంది. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో ఏడు, ఎండాకాలం

కీళ్లవాతాల డాక్టరే నన్ను అనిత దగ్గరికి పంపాడు. ఫిజియోథెరపీ చదివి, కరీంనగర్‌లోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న అమ్మాయి. మొదటి రోజే, "మసాజ్‌తో ఇది తగ్గుతుందా?" అని కటువుగా అడిగాను.

"తగ్గుతదని మాట ఇయ్యను మేడం. కొందరికి నిద్ర మంచిగ పడతది, పట్టుకపోయినట్టు ఉండుడు కొన్ని రోజులు తగ్గుతది. మళ్లొస్తది. కొందరికి అసలే పడది. నడుచుడు బంద్ చెయ్యొద్దు, గదే ముఖ్యం. ఇది పక్క సాయం."

నేను చదివినంతలో పరిశోధనలు చెప్పేదీ అంతే. చిన్న చిన్న అధ్యయనాలు, కొద్దిపాటి ఉపశమనం, అదీ కొంతకాలమే. ఆమె మాట దానికి మించలేదు. అందుకే పడుకున్నాను.

ఆమె చేయి వేసి ఆగేది. "ఎట్లున్నది?" అని అడిగేది. నేను చెప్పాకే చేయి కదిలేది. నొప్పి అనగానే ఒత్తిడి తగ్గించేది. ఓర్చుకోమని ఒక్కసారి కూడా అనలేదు. ఆ సాయంత్రం నడక తరువాత ఒళ్లు వదులుగా అనిపించింది. తెల్లారి నా జడ నేనే వేసుకున్నాను.

నేను దీన్ని వెంటనే నమ్మలేదు. కొన్ని వారాలు మసాజ్ చేయించుకుని, కొన్ని వారాలు మానేసి చూశాను. మానేసిన వారాల్లో నిద్ర చెదిరింది. కానీ అది చేతి గుణమా, ఎవరో శ్రద్ధగా తాకిన ఊరటా, సెలవుల విశ్రాంతా, ఈ జబ్బుకు సహజమైన ఎత్తుపల్లాలా? ఒక్క మనిషి మీద, అదీ చేయించుకుంటున్నట్టు తెలిసిన మనిషి మీద, వీటిని విడదీయలేం. కాబట్టి నేను అనగలిగింది ఇంతే: నాకు సాయపడింది. పోగొట్టలేదు.

వేసవి సెలవుల్లో అవ్వ వస్తే అనిత దగ్గరికి తీసుకుపోయాను. అవ్వ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"గిది మాలీషా? ఈగలు తోలుతున్నట్టున్నది."

"నువ్వు చేసి చూపియ్యి అవ్వా" అంది అనిత, తన ముంజేయి చాపి. అవ్వ పట్టుకుంది. అనిత ముఖం ముడుచుకుంది. "సగం తగ్గియ్యి. ఇంక సగం తగ్గియ్యి."

"ఇంక తగ్గిస్తె చెయ్యి చెన్నూర్లనే పెట్టి రావాలె బిడ్డా."

అయినా నేర్చుకుంది. అరవై దాటాక ఆ చేతులు కొత్త పని నేర్చుకున్నాయి. అయితే ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. రుద్దినంతసేపూ "తగ్గిందా? తగ్గిందా?" అనే అడిగేది. నేను "కొంచెం" అంటే ముఖం చిన్నబుచ్చుకునేది. ఆమె అలసట చూడలేక, "నిద్ర పడతాందవ్వా" అనేదాన్ని. అది నిజమే.

రెండో ఏడు, నవంబరు

మా సంఘంలో కోత పండుగ నాడు ఎవరి కష్టఫలం వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. సొరకాయలు, కొత్త బియ్యం, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ యేడు అవ్వ ఇప్పనూనె సీసాలు పెట్టింది. పెట్టి, సాక్ష్యం చెప్పింది. సంఘం వాట్సాప్‌లో వచ్చిన వీడియోలో చూశాను.

"నా బిడ్డ రెండేండ్లు చెయ్యి లేపలే. పెద్ద పెద్ద డాక్టర్లు ఏం లేదన్నరు. నేను గీ నూనెతోని రుద్దిన, దేవుడు ముట్టిండు. ఇయ్యాల నా బిడ్డకు నొప్పన్నదే లేదు!"

"స్తోత్రం!" అంది సంఘమంతా. సీసాలు క్షణాల్లో పోయాయి.

ఫోన్ చేశాను. "అవ్వా, నొప్పి లేదని నీకు ఎవరు చెప్పిండ్రు?"

"పోతది గద."

"పోతదనుడు వేరు, పోయిందనుడు వేరు."

"పోయేదాన్ని పోయిందనుడే విశ్వాసం. రాకముందే వచ్చిందని చెప్పాలె. గట్ల చెప్తెనే వస్తది. చిన్నప్పటి సంది చర్చికి వచ్చినవు, గింత తెల్వదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. అదే నన్ను మరింత మండించింది. అబద్ధమైతే నిలదీయవచ్చు. ఆమె ప్రార్థన చేసింది. విన్నవాళ్లు దాన్ని వార్త అనుకున్నారు. ఏ పరీక్షకూ కనపడని నొప్పిని ఏడాదిన్నరగా నేనొక్కదాన్నే మోశాను. ఇప్పుడు నా తల్లి కూడా దాన్ని లేదనేసింది, అదీ ప్రేమతో.

రెండో ఏడు, డిసెంబరు

క్రిస్మస్‌కు ముందు చెన్నూరు వెళ్లాను. తెల్లారి వాకిట్లోకి గ్రేసమ్మ వచ్చింది. మా వెనక వీధిలో ఉంటుంది, పత్తి ఏరడానికి కూలికి పోతుంది. అవ్వ ఇచ్చిన చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది. వేళ్లు వంగడం లేదు. కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి.

"డాక్టరు దగ్గరికి పోలేదా?"

"మంచిర్యాల్ల చూపెట్టుకున్న అక్కా. కీళ్లు ఖరాబు కాకుండ గోలీలిచ్చిండు. కోత పండుగ సంది బంద్ వెట్టిన. అవ్వ నూనెనే రుద్దుకుంటున్న."

"ఎందుకు బంద్ పెట్టినవు?"

"నువ్వు బాగైనవు గద" అంది, ఎంతో సహజంగా. "గోలీలేసుకుంట నూనె రుద్దితె దేవున్ని అనుమానించినట్టు గద."

నాకు బాగు కాలేదని చెప్పాను. తన జబ్బు వేరని, నా కీళ్లు వాయవని, తన కీళ్లు లోపల పాడవుతాయని, పోయిన కీలు మళ్లీ రాదని చెప్పాను. ఆమె విని, గ్లాసు కింద పెట్టింది.

"నీకు దేవుడిచ్చింది నాకు రావొద్దా అక్కా?"

"అది కాదు గ్రేసమ్మా..."

"అవ్వ చర్చిల చెప్పింది. నువ్వు వాకిట్ల చెప్తున్నవు."

ఆమె వేళ్లు నిలవాలంటే, ఆ సాక్ష్యాన్ని అది చెప్పిన చోటే సరిదిద్దాలి. అవ్వను అడిగాను.

"దేవుని ముంగట చెప్పిన మాట ఎనుకకు తీసుకోవాల్నా? మొకమెట్ల చూపియ్యాలె నేను?"

"ఆమె వేళ్లు పోతయవ్వా."

"నువ్వే చెప్పు పో, అంత సదువుకున్నదానివి!"

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. ఆడవాళ్ల చాపల మీద అవ్వ నా పక్కనే కూర్చుని ఉంది.

"నాకు నొప్పి తగ్గిపోలే" అన్నాను. "ఇప్పుడు నిలబడ్డ, నడుము గుంజుతాంది. మా అవ్వ రుద్దితె నాకు నిద్ర పడతది, ఒళ్లు జర అల్కగ ఉంటది. గంతే. నేను మందు గూడ ఏసుకుంటున్న, రోజు నడుస్తున్న. కీళ్లు వాచేటోళ్లకు నూనెతోని ఆగది. డాక్టరు ఇచ్చిన గోలీలు ఎవ్వరు బంద్ పెట్టకుండ్రి. నన్ను చూసి అసలే పెట్టకుండ్రి."

ఎవరూ "స్తోత్రం" అనలేదు. మగవాళ్ల వైపు నుంచి ఒక ముసలాయన, "గిది సాక్ష్యమా, కంప్లెంటా?" అన్నాడు. ఎవరో నవ్వారు. పాస్టరు గారు గబగబా పాట అందుకున్నారు. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, ఎదుటి గోడవైపే చూస్తూ ఉండిపోయింది.

చర్చిలో నా మాట విన్న గ్రేసమ్మను మర్నాడు మంచిర్యాలకు తీసుకుపోయాను. బస్సు దిగేముందు ఒక్కటే అంది: "నా ఆశ తీసేసినవు అక్కా." డాక్టరు ఆమె మీద అరిచాడు. అరవవలసినవాళ్లు వేరే ఉన్నారని నేను అరిచాను. మందులు మళ్లీ మొదలయ్యాయి. కుడిచేతి వేళ్లు మునుపటిలా వంగుతాయో లేదో అప్పుడే చెప్పలేనన్నాడు. ఆ సీజనుకు ఆమె చేనుకు పోలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఒళ్లంతా నొప్పులతో ఉన్నవాళ్లు ఉండవచ్చు. మసాజ్ వద్దని నేను అనను. నేనూ చేయించుకుంటున్నాను. వద్దన్నచోట ఆగే చేతిని వెతుక్కోండి. గ్యారంటీ అన్నవాడి మెట్లు దిగిపోండి. కీళ్లు వాస్తే, వేడెక్కితే, అది నా జబ్బు కాదు, ఆలస్యం చేయకండి. పరీక్షలు ఏమీ చూపకపోతే మీకు ఏమీ లేదని ఒప్పుకోకండి. కొంచెం తేలికపడితే "కొంచెం" అనే చెప్పండి. ఎంత ప్రేమగా అడిగినా, అంతకు మించి చెప్పకండి. ఎవరో ఒకరు మీ మాటను బట్టి తమ మందు మానేస్తారు.

మంచిర్యాల నుంచి తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. అవ్వ నాతో నిన్నటి నుంచి మాట్లాడలేదు. వాకిట్లో పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి నూనె వెచ్చబెడుతోంది. చాప పరిచి ఉంది. వెళ్లి బోర్లా పడుకున్నాను. వచ్చి నా పక్కన కూలబడింది. నూనె రాసుకున్న చేయి నా భుజం మీద ఆనించింది. నొక్కలేదు, కదపలేదు.

"ఎట్లున్నది?" అంది.

"నొస్తాందవ్వా."

"ఏడ?"

చూపించాను. ఆమె చేయి అక్కడికి వచ్చి ఆగింది.